పాత హోమ్ కంప్యూటర్ మీద మల్టీ లైన్ బీబీఎస్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బీబీఎస్‌లో "లైను" అంటే ఏంటి?

బీబీఎస్ (బులెటిన్ బోర్డ్ సిస్టమ్, పొట్టిగా బోర్డు) అంటే వేరేవాళ్ళు తమ కంప్యూటర్ నుంచి ఫోన్ చేసి లోపలికొచ్చి మెసేజ్‌లు చదివి రాసుకునే, ఫైళ్ళు పంచుకునే కంప్యూటర్. లైను అంటే ఒకసారికి ఒక మనిషి అందులోకి రాగలిగే దారి. 1978 ఫిబ్రవరి 16న షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ మొదలుపెట్టిన సీబీబీఎస్‌కి ఒక్కటే ఫోన్ లైను, ఒక్కటే మోడెం (కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే పరికరం). ఒకరు లోపల ఉంటే మిగతావాళ్ళకి బిజీ టోన్. లోపలున్నవాళ్ళు ఫోన్ పెట్టేదాకా మళ్ళీ మళ్ళీ డయల్ చేస్తూ కూర్చోవాల్సిందే. రెండో లైను ఉంటే రెండో మనిషికీ చోటుంటుంది. ఒక్కో లైనుని ప్రోగ్రాం ఒక్కో "నోడ్"గా చూస్తుంది. లైను, నోడ్ అనే మాటల్ని జనం కలిపేసి వాడుతుంటారు, ఇక్కడ నేనూ అలాగే వాడతాను.

ఒక్క లైను సరిపోదా? ఇంత తంటా ఎందుకు?

సరిపోతుంది. చాలా మంచి బోర్డులు చివరిదాకా ఒక్క లైనుతోనే నడిచాయి. కాకపోతే ఒక లైను బోర్డులో ఒకరు వచ్చి చీటీ అంటించి వెళ్ళిపోతారు, తర్వాత ఇంకొకరు వచ్చి చదువుకుంటారు. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడరు. రెండో లైను పెట్టాక, లాగిన్ అయిన వెంటనే "నోడ్ 2: మెసేజ్‌లు చదువుతున్నారు" అని ఒక ముక్క కనిపిస్తుంది చూడండి, దాంతో బోర్డు మొత్తం మారిపోతుంది. లోపల ఇంకో మనిషి ఉన్నారు, పలకరించొచ్చు. నేను రెండో లైను పెట్టింది అందుకే. ఈ పని మీద నాకింత ఇష్టం కూడా అందుకే.

ఆ రెండో మనిషి వచ్చాక మాత్రం ఒకరు చేసే పని ఇంకొకరికి తగలకుండా చూసుకోవాలి. ప్రోగ్రాం, డిస్కు, కేబుల్ అన్నిటికీ అసలు పరీక్ష అదే. కింది జవాబులు చాలా వరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

ఏ మెషీన్ తీసుకోవాలి?

ఎక్కువ మంది కమోడోర్ 64తో మొదలుపెడదామని అడుగుతారు. ఒక లైనుకైతే హాయిగా పెట్టుకోండి. రెండో లైను మాత్రం దాని నెత్తిన పెట్టొద్దు. అందులో సీరియల్ చిప్ (ఒక్కో బిట్‌గా వచ్చే డేటాని బైట్లుగా మార్చి ఇచ్చేది) అంటూ ఏదీ లేదు. మోడెం నుంచి వచ్చే ఒక్కో బిట్‌ని ప్రాసెసరే లెక్కపెట్టుకుంటుంది. 2400 స్పీడులో (సెకనుకి 2400 బిట్లు) బిట్‌కీ బిట్‌కీ మధ్య దాదాపు 417 మైక్రోసెకన్లు, అంటే సుమారు 1 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి నాలుగు వందల పైచిలుకు క్లాకులు (ప్రాసెసర్ టిక్కులు). పైగా 1541 డిస్క్ డ్రైవ్‌తో మాట్లాడేటప్పుడు కూడా అదే ప్రాసెసర్ బిట్లు లెక్కపెట్టాలి, అందుకే మోడెం పని ఆపేసి మరీ డిస్కు వైపు తిరుగుతుంది. ఒక మనిషైతే ఆ కాసేపు ఆగుతారు. రెండో మనిషి టైప్ చేస్తూ ఉంటే అక్షరాలు ఎగిరిపోతాయి. స్విఫ్ట్‌లింక్ లాంటి కార్ట్రిడ్జ్‌లో 6551 చిప్ ఉంటుంది కాబట్టి ఒక లైను బాగా వేగంగా నడుస్తుంది, అంతవరకే.

అటారీ 8 బిట్ మెషీన్ల 850 ఇంటర్‌ఫేస్ చూస్తే ఆశ పుడుతుంది, వెనకాల నాలుగు సీరియల్ పోర్టులు ఉంటాయి మరి. కానీ రెండు వైపులా ఒకేసారి డేటా నడిచే మోడ్‌లో ఒకసారికి ఒక్క పోర్టే పనిచేస్తుంది. పోర్టుల సంఖ్య చూసి లైన్లు లెక్కేసుకోవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

యాపిల్ 2 దగ్గర కథ వేరు. బిల్ బాషమ్ రాసిన డైవర్సి డయల్ ఒక యాపిల్ 2ఈ మీద ఏడు లైన్లదాకా నడిపింది, స్లాట్ల నిండా 300 బాడ్ (సెకనుకి 300 బిట్లు) మోడెం కార్డులు పెట్టుకుని. అదీ 1 మెగాహెర్ట్జ్ మెషీనే! అది ముఖ్యంగా చాట్ కోసం పుట్టిన ప్రోగ్రాం. సెకనుకి 30 అక్షరాలు వచ్చే లైన్లు ఏడు కలిపినా 210 అక్షరాలే, డిస్కు జోలికి పెద్దగా పోనక్కర్లేదు. పని ఏంటో తేల్చుకుంటే మెషీన్ చిన్నదైనా సరిపోతుందని నాకు నమ్మకం కుదిరింది దీన్ని చూశాకే.

కమోడోర్ వాళ్ళ అమిగా కంప్యూటర్ నాకు అన్నిటికన్నా ఇష్టం. 1985లో వచ్చిన మొదటి మోడల్ నుంచే అసలైన మల్టీటాస్కింగ్ ఉంది, ఒక్కో నోడ్‌ని ఒక్కో ప్రోగ్రాంగా నడపొచ్చు. లోపల ఉన్న సీరియల్ పోర్టు ఒక్కటే. అమిగా 2000 లాంటి పెద్ద మోడల్ అయితే కమోడోర్ వాళ్ళ ఏ2232 కార్డుతో ఇంకో ఏడు పోర్టులు వస్తాయి, ఆ కార్డుకి సొంతంగా 65సీఈ02 ప్రాసెసర్ ఉంది కాబట్టి బైట్లు అందుకునే బరువు అమిగా మీద పడదు. కార్డు దొరకడమే కష్టం.

386 పీసీ చూడ్డానికి అంత ముచ్చటగా ఉండదు గానీ, విడి భాగాలు దొరుకుతాయి, ప్రోగ్రాంలు బోలెడు, సీరియల్ కార్డులూ సులువుగా వస్తాయి. మొదటిసారి నాలుగు లైన్లు పెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

ఇంత స్లో మెషీన్ నలుగురిని ఎలా మోస్తుంది?

మనిషి టైప్ చేసే వేగం మెషీన్‌కి లెక్కే కాదు. చిక్కంతా ఒకేసారి నలుగురికీ డేటా పరిగెత్తినప్పుడు. లెక్క వేసి చూద్దాం. ఒక బైటుకి ముందు స్టార్ట్ బిట్, వెనక స్టాప్ బిట్ కలిపి పది బిట్లు. 9600 స్పీడు అంటే సెకనుకి 960 బైట్లు, నాలుగు లైన్లకి 3840. 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్‌కి ఒక్కో బైటు మీద దక్కేవి సుమారు 1240 క్లాకులు. వినడానికి చాలానే ఉన్నట్టుంటుంది. కానీ ఆ ప్రాసెసర్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి పది, ఇరవై క్లాకులు పోతాయి, డిస్కు పనీ మెనూలు గీయడమూ అందులోంచే తీసుకోవాలి.

అందుకని సీరియల్ చిప్ ఏదో చూసుకోండి. పాత 8250, 16450 చిప్‌లు వచ్చిన బైటు ఒక్కదాన్నే పట్టి ఉంచగలవు. తర్వాతి బైటు వచ్చేలోపు ప్రాసెసర్ తీసుకోకపోతే మొదటిది పోయినట్టే. 16550ఏలో 16 బైట్ల క్యూ ఉంటుంది. ప్రాసెసర్ డిస్కు దగ్గర కాస్త ఆలస్యం చేసినా క్యూ కాపాడుతుంది. నేను ఖర్చు పెట్టే మొదటి భాగం ఎప్పుడూ ఇదే, వేగమైన ప్రాసెసర్ తర్వాతి మాట.

అమిగాలో సీరియల్ పని చూసే పౌలా చిప్‌కి కూడా క్యూ లేదు. 19200 స్పీడులో 520 మైక్రోసెకన్లకోసారి బైటు వచ్చి పడుతుంది. ఇక్కడ చాలామందికి తట్టని కిటుకు ఒకటుంది. హై రిజొల్యూషన్‌లో 16 రంగుల స్క్రీన్ పెడితే డిస్‌ప్లే హార్డ్‌వేర్ చిప్ మెమరీని (ప్రాసెసర్, డిస్‌ప్లే రెండూ పంచుకునే మెమరీ) ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది, ప్రాసెసర్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది, బైట్లు జారిపోతాయి. స్క్రీన్‌ని నాలుగు రంగులకో రెండు రంగులకో తగ్గించండి. అదే మెషీన్, అదే కేబుల్, తప్పులు మాయం.

పీసీలో మూడో పోర్టు పెట్టగానే మొదటిది ఆగిపోయింది. ఏం చేయాలి?

పీసీలో సీరియల్ పోర్టుల్ని కామ్1, కామ్2 అంటూ పిలుస్తారు, డేటా వచ్చిందని పోర్టు ప్రాసెసర్‌ని పిలిచే తీగ నంబరే ఐఆర్‌క్యూ. కామ్1, కామ్3 రెండూ మామూలుగా ఐఆర్‌క్యూ 4 మీద, కామ్2, కామ్4 ఐఆర్‌క్యూ 3 మీద కూర్చుంటాయి. ఐఎస్ఏ బస్సు (పాత పీసీల్లో కార్డులు గుచ్చే స్లాట్లు) మీద వేర్వేరు కార్డులు ఒకే ఐఆర్‌క్యూని ఒకేసారి పంచుకోలేవు. కార్డు మీద జంపర్లు (పిన్నుల్ని కలిపే చిన్న ముక్కలు) మార్చి మూడో పోర్టుకి ఖాళీగా ఉన్న నంబర్ ఇవ్వండి, సౌండ్ కార్డు లేకపోతే 5 సాధారణంగా ఖాళీయే. నాలుగు, ఎనిమిది పోర్టుల కార్డులు ఈ గొడవని తామే సర్దుకుంటాయి, ప్రోగ్రాం వాటిని గుర్తుపడుతుందో లేదో ముందే కనుక్కోండి. ఎక్స్00, బీఎన్‌యూ లాంటి ఫాసిల్ డ్రైవర్ (బీబీఎస్ ప్రోగ్రాంకీ సీరియల్ పోర్టులకీ మధ్య ఉండే చిన్న ప్రోగ్రాం) వాడితే ఈ నంబర్లన్నీ ఒక్కచోట చెప్పేయొచ్చు.

డాస్‌లో ఒకసారికి ఒకే ప్రోగ్రాం కదా, ఇన్ని నోడ్లు ఎలా?

డాస్ అంటే పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్. దాంట్లో రెండు దారులు. ఒకటి, డెస్క్‌వ్యూ లాంటి మల్టీటాస్కర్ పెట్టి అదే బీబీఎస్ ప్రోగ్రాంని రెండు మూడు కిటికీల్లో నడపడం. 386, 4 ఎంబీ మెమరీ ఉంటే రెండు నోడ్లకి ఊపిరాడుతుంది. రెండోది, అన్ని లైన్లనీ తానే చూసుకునే ప్రోగ్రాం. టీబీబీఎస్, మేజర్‌బీబీఎస్ ఈ కోవవి. లోపల ఉన్నది ఒకే ప్రోగ్రాం కాబట్టి మెమరీ తక్కువ తింటాయి, లైన్లు ఎక్కువ మోస్తాయి. కాకపోతే ఆ ప్రోగ్రాం ఆగితే అందరూ ఒకేసారి బయటపడతారు. కిటికీల పద్ధతిలో ఒక నోడ్ పడిపోయినా పక్క నోడ్ చాలాసార్లు బతికి ఉంటుంది.

రెండు మూడు లైన్లకైతే కిటికీలే మేలు. ఎనిమిది దాటితే రెండో దారి తప్పదు.

ఇప్పుడు మోడెంతో డయల్ చేసేదెవరు? ఫోన్ లైన్లు తీసుకోవాలా?

అక్కర్లేదు. అప్పట్లో నాలుగు ఫోన్ లైన్లు తీసుకుని, ఒకే నంబర్‌కి వచ్చిన కాల్ ఖాళీగా ఉన్న లైనుకి మళ్ళేలా ఎక్స్చేంజ్‌లో పెట్టించుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ పని లినక్స్‌తో నడిచే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు చేస్తుంది. టీసీపీసర్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్ నుంచి వచ్చిన టెల్నెట్ (అక్షరాలు పంపుకునే పాత పద్ధతి) కనెక్షన్‌ని పాత కంప్యూటర్‌కి మోడెం కాల్‌లాగే చూపిస్తుంది. రింగ్ అంటుంది, కనెక్ట్ అంటుంది, ఏటీ కమాండ్లకి (మోడెంకి ఇచ్చే ఆదేశాలు) జవాబిస్తుంది. పాత మెషీన్‌కి తేడా తెలియదు. ఒకే టెల్నెట్ పోర్టుకి కాల్స్ తీసుకుని, ఖాళీగా ఉన్న సీరియల్ పోర్టుకి అందించడం కూడా దానికి తెలుసు. ఒక్కో లైనుకి ఒక వైఫై మోడెం (పాత మోడెంలా నటిస్తూ వైఫైతో నెట్‌కి కలిపే పరికరం) పెట్టుకున్నా పని జరుగుతుంది, కానీ ఒక్కోదానికి ఒక్కో అడ్రస్ అవుతుంది. "బిజీగా ఉంటే రెండో నంబర్‌కి చేయండి" అని వచ్చేవాళ్ళకి చెప్పుకోవాల్సి వస్తుంది, అది నాకు నచ్చదు.

ఒక హెచ్చరిక. కమోడోర్ 64 యూజర్ పోర్టు 5 వోల్టులదే. మామూలు సీరియల్ పోర్టుల ఆర్ఎస్232 కేబుల్‌లో 12 వోల్టులదాకా రావచ్చు. మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ కన్వర్టర్ లేకుండా తగిలిస్తే చిప్ కాలిపోతుంది. అమిగా 500 సీరియల్ పోర్టులో 9, 10 పిన్నుల మీద ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు ఉంటాయి, 25 తీగలూ కలిపిన కేబుల్ దానికి వాడొద్దు. ఏ మెషీన్ అయినా పవర్ ఆపేశాకే కేబుల్ పీకండి.

కాలర్ వెళ్ళిపోయినా నోడ్ ఖాళీ అవ్వడం లేదు. ఎందుకు?

నూటికి తొంభై సార్లు డీసీడీ తీగే. లైను మీద అవతల మనిషి ఉన్నారో లేదో మోడెం కంప్యూటర్‌కి చెప్పేది ముఖ్యంగా ఆ తీగతోనే.

నాకు జరిగిందే చెబుతాను. మొదట్లో నా రెండో లైను కేబుల్‌లో మూడే తీగలు, పంపేది, అందుకునేది, గ్రౌండ్. డీసీడీ లేకపోతే ప్రోగ్రాం ఒప్పుకోలేదు కాబట్టి, దాన్ని పట్టించుకోవద్దని సెట్టింగ్ పెట్టాను. అక్షరాలు చక్కగా వస్తూ పోతూ ఉన్నాయి, అంతా బాగుందనుకున్నాను. ఒక రాత్రి ఒకరు ప్రైవేటు మెసేజ్ సగం రాసి ఉండగా వాళ్ళ కనెక్షన్ తెగింది. ప్రోగ్రాంకి ఆ సంగతి తెలియదు. నిమిషం తర్వాత అదే లైనుకి వచ్చిన ఇంకో మనిషికి పేరు, పాస్‌వర్డ్ ఏమీ అడగలేదు. నేరుగా ఆ సగం రాసిన మెసేజ్ మధ్యలో, కర్సర్ మెరుస్తూ. ఆయన మంచివాడు కాబట్టి ఒక్క అక్షరం కూడా కొట్టకుండా బయటికి వచ్చి నాకు చెప్పాడు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. మర్నాడే డీసీడీ, డీటీఆర్ (కంప్యూటర్ సిద్ధంగా ఉందని మోడెంకి చెప్పేది), ఆర్‌టీఎస్, సీటీఎస్ (డేటాని ఆపి పంపమని చెప్పుకునే రెండు) తీగలన్నీ ఉన్న కేబుల్ సోల్డర్ చేశాను.

తొమ్మిది పిన్నుల పీసీ పోర్టులో డీసీడీ 1వ పిన్ను, డీటీఆర్ 4వది. 25 పిన్నుల దాంట్లో 8, 20. మోడెంకి ఏటీ&సీ1 ఇస్తే డీసీడీ నిజం చెబుతుంది, ఏటీ&డీ2 ఇస్తే ప్రోగ్రాం డీటీఆర్ దించగానే కాల్ కట్ అవుతుంది. ఈ రెండూ పెట్టకుండా రెండో లైను జనానికి తెరవొద్దు.

ఇద్దరు ఒకేసారి మెసేజ్ పోస్ట్ చేస్తే ఏమవుతుంది?

ఒక చిన్న ఫైల్లో "చివరి మెసేజ్ నంబర్ 412" అని ఉందనుకోండి. నోడ్ 1 దాన్ని చదివింది. అది 413 అని తిరిగి రాసేలోపు నోడ్ 2 కూడా చదివింది, దానికీ 412 కనిపించింది. ఇద్దరూ 413గా రాశారు. తర్వాత రాసినవాళ్ళది మిగిలింది, ముందు రాసినవాళ్ళది పోయింది. ఎర్రర్ రాదు, మెషీన్ ఆగదు. "నా మెసేజ్ ఏది?" అని ఎవరైనా అడిగేదాకా మీకూ తెలియదు.

దీనికి మందు ఫైల్ లాకింగ్. ఒక నోడ్ ఆ ఫైలు పట్టుకున్నంతసేపు ఇంకో నోడ్ ఆగాలి. డాస్‌లో దానికోసం షేర్ ప్రోగ్రాం ముందే లోడ్ చేసి ఉండాలి, బీబీఎస్ ప్రోగ్రాం కూడా మల్టీ నోడ్ కోసం రాసిందై ఉండాలి. ఒక నోడ్ ప్రోగ్రాంని రెండు కిటికీల్లో తెరిచి మల్టీ లైన్ అనుకోవద్దు. డోర్ గేములదీ (బీబీఎస్ లోంచి తెరుచుకునే వేరే ప్రోగ్రాం గేములు) ఇదే సంగతి. ఎవరు ఆడుతున్నారో తెలుసుకోడానికి అవి చదివే డ్రాప్ ఫైలు ప్రతి నోడ్‌కీ వేరే డైరెక్టరీలో ఉండాలి, లేదంటే నోడ్ 2 మనిషి నోడ్ 1 పేరుతో ఆడేస్తారు.

టెక్స్ట్ ఫైళ్ళు బాగానే దిగుతున్నాయి, జిప్ ఫైళ్ళు మాత్రం పాడవుతున్నాయి.

టెల్నెట్‌లో 255 విలువ ఉన్న బైటు కమాండ్ గుర్తు. డేటాలో అది వస్తే రెండుసార్లు పంపాలి. ఒక వైపు అలా చేసి రెండో వైపు చేయకపోతే ఫైలు చెడుతుంది. టెక్స్ట్‌లో ఆ బైటు దాదాపు రాదు కాబట్టి అవి దిగుతాయి. రెండు వైపులా టెల్నెట్ సెట్టింగ్ ఒకేలా పెట్టండి. ఎక్స్‌మోడెం అనే ఫైళ్ళు పంపే పద్ధతి 128 బైట్లు పంపి ప్రతిసారీ జవాబు కోసం ఆగుతుంది, ఇంటర్నెట్ మీద రానుపోను 200 మిల్లీసెకన్లు పడితే సెకనుకి 640 బైట్లు దాటదు. జెడ్‌మోడెం అలా ప్రతిసారీ ఆగదు, అది ఉంటే అదే వాడండి.

నోడ్లన్నీ ఎప్పుడూ నిండే ఉంటున్నాయి, మనుషులు మాత్రం లేరు.

అవి బాట్లు, తమంతట తామే తిరిగే ప్రోగ్రాంలు. టెల్నెట్‌కి మామూలుగా వాడే పోర్టు 23ని రోజంతా ఎవరో ఒకరి ప్రోగ్రాం తడుముతూనే ఉంటుంది. 2016లో మిరాయి అనే బాట్‌నెట్ టెల్నెట్ తెరిచి ఉన్న పరికరాల్లోకి మామూలు పాస్‌వర్డ్‌లతోనే దూరింది, ఆ రకం వెతుకులాట ఇంకా ఆగలేదు. రెండే లైన్లున్న బోర్డుకి ఇది ప్రాణాంతకం, రెండు బాట్లు వస్తే చాలు, తలుపు మూసుకున్నట్టే. వేరే పోర్టు నంబర్‌కి మారండి. లాగిన్‌కి ముందే "ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి" అని అడిగి, పది సెకన్లలో నొక్కకపోతే కట్ చేయండి. ఈ పని లినక్స్ బోర్డు దగ్గరే చేయించగలిగితే పాత మెషీన్‌కి ఆ కాల్ సంగతే తెలియదు.

టెల్నెట్‌లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది. ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టుకోమని కొత్తవాళ్ళకి మొదటి స్క్రీన్ మీదే చెప్పండి.

తెలుగులో మెసేజ్‌లు రాసుకోవచ్చా?

కొంతవరకు. యూటీఎఫ్8లో (ఇప్పటి కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే పద్ధతి) ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. పాత ప్రోగ్రాం ఎనిమిది బిట్లూ అలాగే దాచిపెడితే, రెండు వైపులా యూటీఎఫ్8 టెర్మినల్ ఉన్నవాళ్ళకి తెలుగు కనిపిస్తుంది. పాత కంప్యూటర్ తెర మీద మాత్రం పిచ్చి గుర్తులే. ఎడిటర్ 80 బైట్లని ఒక వరుస అనుకుంటుంది కాబట్టి 26 గుర్తులకే వరుస మడతపడుతుంది, అదీ ఒక్కోసారి గుర్తు మధ్యలో. బ్యాక్‌స్పేస్ ఒక బైటునే చెరుపుతుంది. బయట రాసుకుని, చిన్న చిన్న వరుసలుగా విరిచి అప్‌లోడ్ చేస్తే చక్కగా ఉంటుంది.

రోజంతా ఆన్‌లో ఉంచితే పాత మెషీన్‌కి ఏమీ కాదా?

కొన్ని ముందే చూసుకుంటే నడుస్తుంది. కమోడోర్ 64 పాత పవర్ సప్లైని 24 గంటలు నమ్మొద్దు. అది పాడైనప్పుడు 5 వోల్టులు పైకి ఎగబాకి మెమరీ చిప్‌లని తీసుకుపోతుంది. కొత్తది పెట్టండి. అమిగా 2000, 500 ప్లస్, చాలా 386 బోర్డుల మీద గుండ్రటి రీచార్జ్ బ్యాటరీ కారి బోర్డు తీగల్ని తినేస్తుంది, ఇంకా కారకపోయినా ఇవాళే తీసేయండి. అమిగా 600, 1200, 4000లో కెపాసిటర్లు మార్పించండి. మానిటర్ ఆపేయండి, బీబీఎస్‌కి దాంతో పనిలేదు.

ఫ్లాపీ మీద మల్టీ లైన్ బోర్డు పెట్టొద్దు. ఇద్దరి కోసం హెడ్ అటూ ఇటూ పరిగెత్తి అరిగిపోతుంది, ఇద్దరూ విసుగుపడతారు. ఐడీఈ (హార్డ్ డిస్కు కనెక్షన్) ఉన్న మెషీన్‌కి అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెడితే చప్పుడు లేదు, ఆలస్యం లేదు. రోజూ తెల్లవారుజామున నోడ్లన్నీ మూసి, మెసేజ్ ఫైళ్ళనీ యూజర్ ఫైలునీ కాపీ తీయండి. నోడ్లు మూయకుండా తీసిన కాపీ సగం రాసిన ఫైలు కావచ్చు.

జనానికి తెరిచే ముందు ఏం పరీక్షించాలి?

రెండు కంప్యూటర్ల నుంచి మీరే రెండు పేర్లతో లోపలికి రండి. నోడ్ 1లో పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగా నోడ్ 2లో మెసేజ్ రాయండి. అక్షరాలు పోతున్నాయేమో, నోడ్ 1లో బ్లాకులు మళ్ళీ మళ్ళీ అడుగుతోందేమో చూడండి. రెండు నోడ్లలోనూ ఒకే క్షణంలో సేవ్ కొట్టండి, ఇరవై సార్లు. నలభై మెసేజ్‌లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. తర్వాత నోడ్ 2 మెసేజ్ మధ్యలో ఉండగా అటు కంప్యూటర్ నెట్ తీగ పీకేయండి, లాగౌట్ కొట్టకుండా. టీసీపీసర్ వైపు కనెక్షన్ తెగిందని తెలియడానికి కొంత టైం పట్టొచ్చు కాబట్టి, బీబీఎస్‌లో ఐదు నిమిషాల ఐడిల్ టైమౌట్ (ఏమీ టైప్ చేయకపోతే కట్ చేసే గడువు) కూడా ఉండాలి. ఆ ఐదు నిమిషాలయ్యాక మళ్ళీ డయల్ చేయండి. స్క్రీన్ మీద "మీ పేరు?" అని అడగాలి.